మంచు కింద రొట్టె

బుజ్జీ, చిన్నోడా,

ఇద్దరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. "నీకు మాటకో సామెత వస్తుంది, ఇటలీ తాతయ్యలు కూడా ఇంతేనా?" అని ఫోన్లో అడిగారుగా. ఇంతే! కాకపోతే వాళ్ళ సామెతలు వాళ్ళ నేలా, వాళ్ళ వాతావరణం చూసి పుట్టినవి. అది తెలియకపోతే కొన్ని బొత్తిగా వింతగా ఉంటాయి.

నాకు బాగా నచ్చింది రైతుల మాట: 'సొత్తో లా నేవే పానే, సొత్తో లా ప్యోజ్జా ఫామే'. మంచు కింద రొట్టె, వాన కింద ఆకలి అని. వాన కోసం కప్పతల్లిని ఊరేగించే మనకి ఇదేం చోద్యం అనిపిస్తుంది. కానీ అక్కడ గోధుమలు చలికాలానికి ముందే చల్లుతారు. మొలకలు వచ్చాక, ఉత్తరాన పో నది మైదానంలో మంచు పడితే అది పైరు మీద గొంగళిలా పరుచుకుంటుంది. పైన ఎంత చలి కొరికినా కింద వేళ్ళు బతుకుతాయి. తర్వాత అదే మంచు కరిగి మెల్లగా నేలలోకి ఇంకుతుంది. అలా కాకుండా చలికాలమంతా వానలే కురిస్తే, పొలంలో నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి. ఇక కోతలకి ఏం మిగులుతుంది?

ఇంకోటి, 'రొస్సో ది సేరా, బెల్ తెంపో సి స్పేరా'. సాయంత్రం ఆకాశం ఎర్రబడితే రేపు తెరిపిగా ఉంటుందని ఆశ. ఆశ అన్నారు చూడండి, గ్యారంటీ ఇవ్వలేదు! ఇటలీకి మబ్బూ వానా ఎక్కువగా పడమటి నుంచే వస్తాయి. సూర్యుడు దిగేటప్పుడు వెలుగు చాలా గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. పడమట దట్టంగా మబ్బులుంటే ఆ ఎరుపు మనదాకా రాదు. వచ్చిందంటే అటువైపు ఖాళీగా ఉన్నట్టే. అయితే మన కోస్తాలో దీన్ని నమ్ముకుని ఎవరూ కళ్ళంలో వడ్లు వదిలేసి రాకూడదు. తుఫాన్లు వచ్చేది తూర్పున బంగాళాఖాతం నుంచి కదా, పడమర ఎంత ఎర్రబడితే ఏం లాభం?

చిన్నోడా, నీది ఫుట్‌బాల్ పిచ్చి కాబట్టి ఇది నీకు. 'సంచిలో పడకముందే పిల్లి దొరికిందనకు' అంటారు. 2000 నుంచి 2004 దాకా ఇటలీ జట్టుకి కోచ్‌గా ఉన్న జొవాన్ని త్రపత్తోని నోట పడి ఈ మాట మరీ పాపులర్ అయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం వెక్కిరించేది ఇలాంటివాళ్ళనే.

మంగళవారం, శుక్రవారం పెళ్ళి చేసుకోవద్దు, ప్రయాణం కట్టవద్దు అని కూడా వాళ్ళకో సామెత ఉంది. మీ నానమ్మ మంగళవారం వరకు ఒప్పుకుంది, శుక్రవారం దగ్గర గొడవ పెట్టుకుంది.

'చుట్టం, చేప మూడో రోజుకి కంపు కొడతాయి' అని కూడా అంటారు. దసరా సెలవులకి వచ్చేటప్పుడు దాన్ని మాత్రం అక్కడే వదిలేసి రండి. పది రోజులకి తక్కువైతే నానమ్మ ఊరుకోదు.

మీ
తాతయ్య