గల్ఫ్ యుద్ధం 1990–91: అపోహలు, వాస్తవాలు

"ఇరాక్ ఆక్రమించుకున్న కువైట్‌ను అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు విడిపించాయి." పోటీ పరీక్షల నోట్సుల్లో ఈ యుద్ధం సాధారణంగా ఈ ఒక్క వాక్యంతో అయిపోతుంది. అందులో తప్పు లేదు. కానీ ముప్పైకి పైగా దేశాల బలగాలు ఒకే ఎడారిలో ఒకరినొకరు కాల్చుకోకుండా ఎలా పోరాడాయన్నది అందులో లేదు. యుద్ధ చరిత్ర చదివేవాళ్లు ముందు చూడాల్సింది ఆ దేశాల మధ్య అతుకులనే. అపోహల్లో చాలా భాగం అక్కడే పుట్టాయి.

అపోహ: అది ఐక్యరాజ్యసమితి సైన్యం చేసిన యుద్ధం.

కాదు. 1950లో కొరియాలో సమితి జెండా కింద పోరాడారు. కువైట్‌లో ఆ జెండా లేదు. 1990 నవంబరు 29న భద్రతా మండలిలో 678వ తీర్మానానికి 12 దేశాలు ఓటేశాయి. క్యూబా, యెమెన్ వ్యతిరేకించాయి, చైనా తటస్థంగా ఉంది. తీర్మానం పాఠం తీసి చదవండి. యుద్ధం అన్న మాట ఎక్కడా కనపడదు. 1991 జనవరి 15 లోపు ఇరాక్ వెనక్కి వెళ్లకపోతే, కువైట్‌తో సహకరిస్తున్న సభ్య దేశాలు "అవసరమైన అన్ని మార్గాలు" వాడవచ్చని మాత్రమే ఉంది. బాగ్దాద్ దాకా ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉంది. తీర్మానం కోరింది కువైట్ విడుదల. అంతకు మించి ఇరాక్ లోపలికి వెళ్తామంటే అరబ్ భాగస్వాములు కలిసి వచ్చేవారు కాదు.

అపోహ: అందరికీ ఒకే సేనాని, ఒకే ఆజ్ఞ.

అమెరికన్ సేనాని నార్మన్ ష్వార్జ్‌కోఫ్ పేరు అందరికీ తెలుసు. అరబ్, ఇస్లామిక్ దేశాల బలగాలు మాత్రం సౌదీ యువరాజు ఖాలిద్ బిన్ సుల్తాన్ కింద ఉండేవి. రెండు కమాండ్లూ పక్కపక్కన నడిచాయి. అరబ్ బలగాలు అలంకారానికి వచ్చాయన్న మాట కూడా నిలవదు. జనవరి 29 రాత్రి ఇరాకీలు సరిహద్దు దాటి సౌదీలోని ఖఫ్జీ పట్టణాన్ని పట్టుకుంటే, దాన్ని వెనక్కి తీసుకున్నది సౌదీ, ఖతార్ సైనికులే. అమెరికన్ విమానాలు, ఫిరంగులు వాళ్లకు అండగా నిలిచాయి.

ఇక రోజువారీ వైమానిక ఆజ్ఞాపత్రం సంగతి. ఏ విమానం ఎప్పుడు లేవాలి, ఏ ఎత్తులో వెళ్లాలి, ఇంధనం గాలిలో ఎక్కడ నింపుకోవాలి అన్నవన్నీ రియాద్‌లో ఒకే పత్రంగా రాసేవారు. వందల పేజీలు. వైమానిక దళ స్థావరాలకు అది కంప్యూటర్ల మీదే చేరేది. అమెరికన్ నేవీ విమానవాహక నౌకల్లో మాత్రం దాన్ని అందుకునే పరికరాలు లేవు. దాంతో రోజూ ప్రతులు విమానంలో పెట్టి నౌకలకు పంపాల్సి వచ్చింది. ఒకే దేశపు రెండు దళాల మధ్యే ఇలా ఉంటే, భాష, ఆయుధాలు వేరైన దేశాల మధ్య సమన్వయం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఆయుధాలు కలవడమూ ఇబ్బందే. ఫ్రాన్స్ దగ్గర, ఇరాక్ దగ్గర ఉన్నవి ఒకే రకం మిరాజ్ ఎఫ్-1 విమానాలు. ఆకాశంలో పోల్చుకోలేరని ఫ్రాన్స్ తన వాటిని మొదటి రోజుల్లో నేల మీదే ఉంచింది. సిరియా ట్యాంకులు, ఇరాక్ ట్యాంకులు రెండూ సోవియట్ తయారీలే. అందుకే సంకీర్ణ వాహనాల మీద తలకిందుల V గుర్తు వేశారు, నారింజ రంగు పట్టాలు కప్పారు. అయినా సరిపోలేదు. పోరులో చనిపోయిన 148 మంది అమెరికన్లలో 35 మంది సొంతవాళ్ల కాల్పుల్లోనే పోయారు. ఫిబ్రవరి 26న అమెరికన్ విమానాల దాడిలో తొమ్మిది మంది బ్రిటిష్ సైనికులు మరణించారు.

అపోహ: అమెరికన్ క్షిపణి నిరోధక వ్యవస్థలైన పేట్రియట్లు, ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణులన్నింటినీ కూల్చేశాయి.

అప్పట్లో టీవీలో అలాగే కనిపించింది. కానీ 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో ఒక స్కడ్ సైనికుల బస మీద పడి 28 మంది అమెరికన్లు చనిపోయారు. అక్కడి పేట్రియట్ దాని మీదికి ఒక్క క్షిపణి కూడా వదల్లేదు.

కారణం లెక్కలో ఉంది. పేట్రియట్ గడియారం సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతుంది. మన దశాంశాల్లో మూడో వంతు రాస్తే 0.333 అంటూ ఎలా సాగుతూ పోతుందో, 0, 1 అంకెలతోనే రాసే కంప్యూటరు ద్వియాంశ పద్ధతిలో పదో వంతు కూడా అలాగే సాగుతుంది. 24 బిట్ల (అంకెల) దగ్గర తెగ్గోస్తే ఒక్కో లెక్కకు సుమారు 0.000000095 సెకను తేడా మిగిలిపోతుంది. ఆ యంత్రం అప్పటికి 100 గంటలుగా ఆగకుండా నడుస్తోంది. అంటే 36 లక్షల లెక్కలు. గుణిస్తే 0.34 సెకను. స్కడ్ వేగం సెకనుకు దాదాపు 1,676 మీటర్లు. అర కిలోమీటరు దాటి పక్కచోట వెతికిన రాడార్‌కు అక్కడ ఏమీ కనిపించలేదు.

ఆ వ్యవస్థను కొన్ని గంటలు నడిపి చోటు మార్చే వాడకానికి తయారు చేశారు. ఎనిమిది గంటలు నడిచేసరికే గురి పక్కకు జరిగిపోతోందని ఇజ్రాయెల్ ఫిబ్రవరి 11న చెప్పింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే గడియారం సున్నా నుంచి మొదలయ్యేది. "చాలా ఎక్కువ సేపు" నడపవద్దని 21న హెచ్చరిక వెళ్లింది, కానీ ఎన్ని గంటలో అందులో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది 26న, ప్రాణాలు పోయిన మర్నాడు.

అపోహ: వాడినవన్నీ గురితప్పని బాంబులే. బరువు లెక్కన అలాంటివి మొత్తంలో పదో వంతు కూడా కావు.

అపోహ: ఖర్చంతా అమెరికాదే. సుమారు 6,100 కోట్ల డాలర్లలో 5,400 కోట్ల దాకా మిత్రదేశాలు ఇచ్చాయి. సైన్యం పంపని జపాన్ కూడా మొత్తం మీద 1,300 కోట్ల దాకా ఇచ్చింది.

అపోహ: భారత్‌కు, మనవాళ్లకు ఈ యుద్ధంతో సంబంధం లేదు.

చంద్రశేఖర్ ప్రభుత్వం 1991 మొదట్లో అమెరికన్ సైనిక విమానాలను మన దగ్గర ఇంధనం నింపుకోనిచ్చింది. కాంగ్రెస్ అభ్యంతరంతో ఆపేసింది. అంతకుముందు, 1990లో, కువైట్‌లోని మనవాళ్లు బాస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి 488 విమాన సర్వీసుల్లో లక్షకు పైగా మందిని ఇంటికి తెచ్చారు. వాళ్లలో ఎక్కువమందిని మోసింది ఎయిరిండియా, వైమానిక దళం కాదు.

జీతాలు, సామాన్లు వదిలి వచ్చిన కార్మికులకు పరిహారం కోసం సమితి జెనీవాలో కమిషన్ పెట్టింది. డబ్బు ఇరాక్ చమురు ఆదాయంలోంచి వచ్చింది. నష్టం వివరాలు రుజువు చేయలేకపోయినా, కువైట్ లేదా ఇరాక్ వదిలి వచ్చినట్టు చూపితే ఒక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. వేరే ఏ క్లెయిమూ పెట్టబోమని ఒప్పుకుంటే 4,000, 8,000. కంపెనీలు, ప్రభుత్వాల కంటే ముందు ఈ చిన్న క్లెయిములే పరిష్కరించారు. చివరి వాయిదా 2022లో చెల్లించారు. అప్పటికి మొత్తం దాదాపు 5,240 కోట్ల డాలర్లు అయింది.