డాలరుకు ఇరవై రూపాయల లెక్క ఎలా పుట్టింది?

బెంగళూరు మారతహళ్లిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో ఉండే తెలుగు ఇళ్లలో అమెరికా ఆఫర్ వచ్చిందంటే మొదలయ్యే చర్చ ఒకటే: అక్కడి జీతం ఇక్కడ ఎంతకు సమానం? డాలరు రేటుతో గుణిస్తే కళ్లు తిరిగే అంకె వస్తుంది. ఇంతలో ఎవరో ‘అక్కడ కటింగుకు ఎంతవుతుందో తెలుసా?’ అంటారు. నిజానికి అసలు చిక్కంతా ఆ కటింగులోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం కరెన్సీలను అతలాకుతలం చేశాక, 1918లో స్వీడన్ ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ ‘కొనుగోలు శక్తి సమానత’ అనే మాట వాడారు. రెండు దేశాల్లో ధరలు ఎలా ఉన్నాయో దాన్నిబట్టే మారకపు రేటు కుదురుకుంటుందన్నది ఆయన వాదన. ఓడెక్కే సరుకుల విషయంలో అది కొంతవరకు నిజం. కటింగు, ఇంటి అద్దె, ట్యూషన్ ఓడెక్కవు కదా. 1964లో బేలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ ఎవరికి వారు దీనికి కారణం చూపారు. ఫ్యాక్టరీల్లో ఉత్పాదకత ఎక్కువున్న దేశంలో జీతాలు పెరుగుతాయి, ఆ జీతాలతో పోటీపడి మంగలి కూలీ కూడా పెరుగుతుంది. అతని కత్తెర వేగం మాత్రం ఎక్కడైనా ఒకటే.

కారణం తెలిసినా, తేడా ఎంతో తేలాలంటే ఊరూరా తిరిగి ధరలు రాసుకోవాల్సిందే. ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి 1968లో ఆ పని మొదలుపెట్టాయి. ఇర్వింగ్ క్రావిస్, అలన్ హెస్టన్, రాబర్ట్ సమ్మర్స్ దాన్ని నడిపించారు. 1970 ధరలతో చేసిన తొలి విడతలో పది దేశాలుంటే, వాటిలో మనదీ ఒకటి. ఈ పని పైకి కనిపించేంత తేలిక కాదు. బియ్యం ధర అంటే ఏ బియ్యం? పొడవు గింజా, పొట్టి గింజా? నూక ఎంత? సంచిలోదా, విడిదా? మన సోనా మసూరి కెన్యాలో దొరకదు, దొరికినా అక్కడివాళ్ల రోజువారీ తిండి అది కాదు. అందరికీ ఒకే సరుకుల బుట్ట పెడితే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

మధ్యలో కొన్నేళ్లు దూరంగా ఉన్న భారత్ 2005 విడతలో తిరిగి చేరింది. చైనా పాల్గొనడం అదే మొదటిసారి. ఫలితాలు పెద్ద దుమారం లేపాయి. అంతకుముందు అంచనాల కంటే చైనా ఆర్థిక వ్యవస్థ సుమారు 40 శాతం చిన్నదని తేలింది. అక్కడ ధరలు సేకరించింది 11 నగరాల్లో. పల్లెల్లో చవక కాబట్టి, దేశం మొత్తాన్ని అసలు కంటే ఖరీదైనదిగా చూపారని చాలామంది విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. మన దగ్గర కూడా అంతే: బెంగళూరు అద్దెను చూసి అనంతపురం జిల్లా పల్లె ఖర్చును ఊహించలేం.

2017 విడతలో మన రూపాయికి వచ్చిన లెక్క ఇది: డాలరు మార్కెట్ రేటు 65.12 రూపాయలైతే, కొనుగోలు శక్తి ప్రకారం 20.65 రూపాయలే. అంటే అమెరికాలో ఒక డాలరుతో కొనగలిగేది సగటున ఇక్కడ 20.65 రూపాయలకే వస్తుందన్నమాట. ప్రపంచ సగటు ధరల స్థాయి 100 అనుకుంటే మనది 47.55. 2011లో అది 42.99.

ఇది ఆర్థిక వ్యవస్థ మొత్తానికి వేసిన సగటు. ఏది చవక, ఎవరికి చవక అని అడిగితే కథ మారుతుంది. ల్యాప్‌టాప్, ఫోన్ ఇక్కడేమీ మూడో వంతు ధరకు రావు. చవకగా దొరికేది మనిషి శ్రమ. అపార్ట్‌మెంట్‌లో వంట చేసే ఆవిడ, ఇస్త్రీ చేసే అతను, డెలివరీ కుర్రాడు తక్కువ కూలీకి పనిచేస్తున్నారు కాబట్టే మనకు బెంగళూరు చవక అనిపిస్తోంది. దీన్ని దేశపు వరంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. ఆ వంటావిడ తన పనిని స్థానిక కూలీకి అమ్ముతుంది, తన ఇంట్లోకి నూనె మాత్రం ప్రపంచ మార్కెట్‌తో పాటు ఎగిరిపడే ధరకు కొంటుంది. మన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియాలో పామాయిల్ ధర పెరిగితే ఆ దెబ్బ ఆమె వంటింట్లో తగులుతుంది, కూలీ మాత్రం ఆ నెల పెరగదు.