పాట ఆగేది వేగం చాలక కాదు

రాత్రి ఎనిమిదిన్నర. కల్యాణి రాగాలాపన తారస్థాయికి చేరుతుండగా స్పీకర్లు మూగబోయాయి. అర నిమిషం తర్వాత పాట దానంతటదే మళ్లీ మొదలైంది. కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో వారం రోజులుగా ఇదే వరస. పొద్దున ఆరింటికి మాత్రం అదే స్ట్రీమర్‌లో, అంటే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి స్పీకర్లకు అందించే పెట్టెలో, అదే పాట ఒక్కచోటా ఆగదు. ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేస్తే ఇంకా ఎక్కువ స్పీడున్న ప్లాన్ తీసుకోమన్నారు.

లెక్క వేసి చూద్దాం. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు (ధ్వనిని కొలిచిన విలువలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు చానళ్లు. గుణిస్తే సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు, అంటే 1.4 ఎంబీపీఎస్. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 నమూనాలు) ఉన్న ఫైలుకు కూడా 9.2 ఎంబీపీఎస్ చాలు. నాణ్యత పోకుండా ఫైలును చిన్నది చేసే ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే అంత కూడా అక్కర్లేదు. మా కనెక్షన్ 100 ఎంబీపీఎస్. కాబట్టి పాటకు కరువైంది వేగం కాదు, నిలకడ.

మా కాలనీకి మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అయినా కుళాయి తిప్పితే నీళ్లు పడతాయి, పైన ట్యాంకు ఉంది కాబట్టి. స్ట్రీమర్‌లోని బఫర్ అలాంటి ట్యాంకే. డేటా గుంపులు గుంపులుగా వచ్చి అందులో చేరుతుంది, లోపలి గడియారం దాన్ని లెక్క ప్రకారం బయటికి వదులుతుంది. దారిలో పోయిన ప్యాకెట్‌ను (డేటా ముక్కను) మళ్లీ తెప్పించుకునే ఏర్పాటూ ఉంటుంది. అందుకే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా మన చెవికి ఏ తేడా తెలియదు, ఖాళీ అయ్యాక పాట ఒక్కసారిగా ఆగిపోతుంది. వేలు పోసి లాన్ కేబుల్ కొంటే గొంతు మరింత తియ్యగా వినిపిస్తుందన్న మాటను నేను నమ్మనిదీ ఇందుకే.

మరి రాత్రిళ్లే ట్యాంకు ఎందుకు ఖాళీ అవుతోంది? ఫోన్‌లో చూస్తే చుట్టుపక్కల ఇళ్లవి ఇరవై మూడు వైఫై పేర్లు కనిపించాయి. మా స్ట్రీమర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానితో ఒకటి కలవకుండా మిగిలే చానళ్లు మూడే: 1, 6, 11. వైఫై పరికరం మర్యాదస్తురాలు. ముందు గాలిలో ఎవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది. ఖాళీ దొరికితేనే తాను మాట్లాడుతుంది, లేకపోతే కాసేపు ఆగుతుంది. తాను పంపింది అవతల చేరకపోతే, మళ్లీ ప్రయత్నించే ముందు ఆగాల్సిన సమయం పరిధి రెట్టింపవుతుంది. సాయంత్రం అన్ని ఇళ్లలో టీవీలు, ఫోన్లు ఒకేసారి నడుస్తుంటే ఇలా ఆగాల్సి రావడమే ఎక్కువవుతుంది. దానికి తోడు మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. మా స్ట్రీమర్ ఉన్నది వంటింటి గోడకు ఆనుకునే.

అనుమానం తీర్చుకోవడానికి ల్యాప్‌టాప్‌ను స్ట్రీమర్ పక్కన పెట్టి వైఫై మీదే రౌటర్‌కు పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే చిన్న సందేశం) పంపాను. పొద్దున 3 మిల్లీసెకన్లలో జవాబు వచ్చేది. రాత్రి 400 దాటింది, కొన్నింటికి జవాబే లేదు. రౌటర్ దాకా బాగుండి ఆ పైన తేడా వస్తే తప్పు బయటి లైనుది. ఇక్కడ ఇంట్లోనే దొరికింది. మిగతావేవీ ముట్టుకోకుండా హాలు గోడ వెంట 15 మీటర్ల లాన్ కేబుల్ పరిచి, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సు నుంచి స్ట్రీమర్‌కు కలిపాను. మూడు రాత్రులు పాట ఆగలేదు. కేబుల్ లాగడం కుదరని ఇంట్లో 5 గిగాహెర్ట్జ్‌కు మారొచ్చు. చానళ్లు ఎక్కువ దొరుకుతాయి గానీ గోడలు దాటేసరికి దాని బలం బాగా తగ్గుతుంది.

కేబుల్ వేశాక ఇంకో టెన్షన్ పట్టుకుంది. పాట నడుస్తోంది, స్ట్రీమర్‌ను నడిపే ఫోన్‌లోని యాప్‌కు మాత్రం అది కనబడదు. ఇంట్లో రెండు రౌటర్లు ఉండటమే కారణం. కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సు 192.168.1తో మొదలయ్యే అడ్రసులు ఇస్తోంది, నేను కొన్న రౌటర్ 192.168.0తో. స్ట్రీమర్ ఇప్పుడు మొదటిదానికి, ఫోన్ రెండోదానికి కలిసి ఉన్నాయి. స్ట్రీమర్‌ను వెతకాలంటే యాప్ 239.255.255.250 అనే ఉమ్మడి అడ్రసుకు ఒక కేక వేస్తుంది. ఆ కేక తన గల్లీ, అంటే ఒకే రౌటర్ కింద ఉన్న పరికరాల గుంపు, దాటదు. నా రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంతంగా అడ్రసులు ఇవ్వకుండా వైఫై మాత్రమే అందించేలా) మార్చగానే రెండు గల్లీలూ ఒకటయ్యాయి.

గాలివానకు కరెంటు పోయి వచ్చిన రోజున స్ట్రీమర్ మళ్లీ మాయమైంది. దాని తెరమీద 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపించింది. ఫైబర్ బాక్సు లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ముందే లేచిన స్ట్రీమర్ అడ్రసు అడిగితే ఇచ్చేవాళ్లు లేక, తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోయింది. ఇప్పుడు ఫైబర్ బాక్సుకు చిన్న యూపీఎస్ పెట్టాను. కరెంటు వచ్చి స్ట్రీమర్ లేచేసరికి అడ్రసు ఇచ్చే బాక్సు మేలుకునే ఉంటోంది.