వేలిముద్ర నుంచి డిపాజిట్ సర్టిఫికెట్ దాకా: పరిహారం కేసుల్లో కాగితం షరతుల నేపథ్యం

లారీ క్లీనరు ఒకరు డ్యూటీలో ఉండగా ప్రమాదంలో చనిపోయారనుకుందాం. ఆయన భార్యకు ఇంత సొమ్ము చెల్లించాలని కార్మిక పరిహార కమిషనరు ఉత్తర్వు ఇచ్చారు. దాని మీద యజమాని హైకోర్టులో సివిల్ మిసిలేనియస్ అప్పీలు, వకీళ్ల వాడుకలో సి.ఎం.ఏ., దాఖలు చేస్తే ఆ కట్టను మొదట తిరగేసేది న్యాయమూర్తి కాదు, స్క్రూటినీ విభాగం ఉద్యోగి. కోర్టు ఫీజు, వకాల్తా, ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, గడువు లెక్క అన్నీ చూసుకున్నాక ఆయన వెతికేది మరో చిన్న కాగితం. ఉత్తర్వులోని మొత్తాన్ని అప్పీలుదారు తన దగ్గర జమచేశారని కమిషనరు సంతకం చేసి ఇచ్చే సర్టిఫికెట్ అది. అది లేకపోతే కట్ట అభ్యంతరం చీటీతో వెనక్కి వస్తుంది. మామూలు సివిల్ అప్పీలు మెమోలో సంతకం మరిచినా కట్ట వెనక్కే వస్తుంది గాని, ఆ లోపం సరిచేసుకుంటే పోతుంది. ఈ సర్టిఫికెట్ సంగతి వేరు. అది జతపడనంత వరకు చట్టం దృష్టిలో యజమాని అప్పీలే లేదు. ఒకే హైకోర్టులో, ఒకే విభాగంలో రెండు కట్టలకు రెండు రకాల కొలతలు ఎందుకు వచ్చాయో తెలుసుకోవాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ముందుగా వెరిఫికేషన్, అంటే రాసింది నిజమేనని సంతకంతో చెప్పే ధ్రువీకరణ, సంగతి. 1859 నాటి మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే, దావా వేసేవారు ప్లెయింటు అడుగున, పైన చెప్పినది తమకు తెలిసినంత వరకు, నమ్మినంత వరకు నిజమని రాసి సంతకం పెట్టాలన్న నియమం ఉంది. తెలిసి తెలిసి అబద్ధం రాస్తే దొంగసాక్ష్యం కింద శిక్ష పడేది. 1908 కోడ్ ఆరో ఆర్డరులోని (ఆర్డరు అంటే ఆ కోడ్‌లో ఒక అధ్యాయం లాంటిది) 15వ రూలు ఈ నియమాన్ని మరింత బిగించింది. ఏ నంబరు పేరాలు తనకు స్వయంగా తెలిసినవో, ఏవి ఇతరుల ద్వారా తెలిసి నమ్మినవో విడదీసి చెప్పాలని, స్థలం, తేదీ వేయాలని అది కోరుతుంది. 1999లో చేసిన సవరణ 2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చి, వెరిఫికేషన్‌కు అఫిడవిట్‌ను కూడా జోడించింది. ఆ అఫిడవిట్ వల్ల ప్లీడింగులో, అంటే కక్షిదారు తన వాదం రాసి ఇచ్చే కాగితంలో, చెప్పిన మాటలకు కక్షిదారుకు అదనపు బాధ్యత ఏర్పడుతుందే తప్ప విచారణలో అది సాక్ష్యంగా పనికిరాదని సేలం బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కోర్టుల్లో నిత్యం కనబడే వెరిఫికేషన్లు మాత్రం దాదాపు ఒకే అచ్చు. ‘పై 1 నుంచి 9 వరకు పేరాలలోని విషయాలు నాకు తెలిసినంత వరకు, నేను నమ్మినంత వరకు నిజమైనవి’ అని తొమ్మిది పేరాలనూ ఒకే గాటన కట్టేస్తారు. స్వయంగా చూసినదాన్ని, విన్నదాన్ని విడదీయమని రూలు అడిగితే, విడదీయకుండా ఉండే వాక్యాన్నే టైపిస్టులు తరతరాలుగా కంఠస్థం చేశారు. కోర్టులు దీన్ని పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. వెరిఫికేషన్‌లో తేదీ లేకపోవడం వంటి లోపం సరిదిద్దుకోదగినదే తప్ప కేసును ముంచేసేది కాదని సుప్రీంకోర్టు 1955లోనే ఒక ఎన్నికల పిటిషన్ సందర్భంగా చెప్పింది. అప్పీలు మెమోతో వకాల్తా లేకపోయినా, సంతకంలో లోపమున్నా సరిచేసుకునే అవకాశం ఇవ్వాలని, అటువంటి లోపాల కారణంగా అసలు హక్కు పోకూడదని 2005 నవంబరు నాటి మరో తీర్పులో వివరంగా చెప్పింది. గడువు దాటిన అప్పీలుతోపాటే ఆలస్యాన్ని మన్నించమనే అర్జీ కూడా వేయాలన్న అదే కోడ్ 41వ ఆర్డరు 3ఎ రూలు విషయంలోనూ, అర్జీ తరువాత వేసినా చెల్లుతుందన్నదే 2000లో వచ్చిన నిర్ణయం.

పరిహార చట్టం మొదటి నుంచీ ఈ తంతుకు కొంచెం ఎడంగా నడిచింది. 1897 నాటి ఇంగ్లండు చట్టం అడుగుజాడల్లో వచ్చిన 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. గాయపడ్డ కూలీ యజమాని తప్పును సివిల్ కోర్టులో రుజువు చేయాల్సిన అవసరం లేకుండా, పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందని చూపితే చాలన్నది దాని ప్రాణం. అందుకు తగ్గట్టే కమిషనరు తేల్చవలసిన అంశాల్లో సివిల్ కోర్టుల జోక్యాన్ని 19వ సెక్షన్ నిషేధించింది. దరఖాస్తు రాసుకోలేని నిరక్షరాస్యులు కోరితే కమిషనరు ఆధ్వర్యంలోనే దరఖాస్తు తయారుచేయించాలని 22వ సెక్షన్ చెప్పింది. వాది చెప్పేది అధికారి దగ్గరుండి రాయించి ఇవ్వాలని ఆజ్ఞాపించే నియమం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఎక్కడ వెతికినా దొరకదు.

ఈ చట్టం కింద వచ్చిన 1924 నాటి రూల్స్ చూస్తే ఈ ధోరణి ఇంకా బాగా తెలుస్తుంది. గాయపడిన కార్మికుడు వేసేది ఫారం ఎఫ్. యజమాని చేత పరిహారం డిపాజిట్ చేయించమని కోరుతూ, ముఖ్యంగా మరణించినవారి ఆధారితులు వేసేది ఫారం జి. దరఖాస్తును రిజిస్టర్డ్ పోస్టులో పంపినా సరిపోతుంది. వెరిఫికేషన్‌కు బదులు 20వ రూలు కోరేది ఒక్క వాక్యం: ఇందులోని వివరాలు దరఖాస్తుదారుకు తెలిసినంత వరకు, నమ్మినంత వరకు సరైనవేనన్న సర్టిఫికెట్, దాని కింద సంతకం. చదువురానివారైతే వేలిముద్ర. పేరాలవారీగా విడదీయాల్సిన పని లేదు. ఇది పొరపాటున జారిపోయిన సడలింపు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కమిషనర్లకు వర్తించే ఆర్డర్లు ఏవో ఈ రూల్స్‌లోని 41వ రూలు ఏరి మరీ చెప్పింది. సమన్ల అందజేత, గైర్హాజరు, పత్రాలు, సాక్షుల పిలుపు, వాయిదాలు, కేసు ఉపసంహరణ అందులో ఉన్నాయి. ప్లీడింగులకు, వెరిఫికేషన్‌కు సంబంధించిన ఆరో ఆర్డరు లేదు. అందుచేత, వెరిఫికేషన్ కోడ్‌లోని 15వ రూలు ప్రకారం లేదంటూ పరిహారం దరఖాస్తుకు ఇచ్చే జవాబులో (కౌంటరులో) అభ్యంతరం లేవదీసే బీమా కంపెనీ వకీలుది, నా ఉద్దేశంలో, పుస్తకం మార్చి చదివిన వాదన.

కూలీ వైపు ఇంత తేలికగా ఉంచిన చట్టం యజమాని అప్పీలుకు వచ్చేసరికి బిగించింది. 30వ సెక్షన్ ప్రకారం అప్పీలుకు గణనీయమైన న్యాయసూత్ర ప్రశ్న ఉండాలి, వివాదంలో ఉన్న మొత్తం 2017 దాకా కనీసం 300 రూపాయలు ఉండాలి, 60 రోజుల్లో వేయాలి. సివిల్ రెండో అప్పీలుకు గణనీయమైన న్యాయసూత్ర ప్రశ్న అనే గడప 1976 సవరణతో గాని రాలేదు. పరిహార చట్టంలో మాత్రం మొదటి అప్పీలుకే ఆ గడప అర్ధశతాబ్దం ముందునుంచీ ఉంది. ప్రమాదం జరిగిందా, మృతుడు ఆ యజమాని దగ్గరే పనిచేశాడా, జీతం ఎంత అనే సంగతుల్లో చివరి మాట కమిషనరుదేనని సుప్రీంకోర్టు 2016లోను, 2018లోను హైకోర్టులకు గుర్తుచేయాల్సి వచ్చింది.

డిపాజిట్ షరతు మొదట లేదు. కార్మిక వ్యవహారాలపై 1929లో ఏర్పడ్డ రాయల్ కమిషన్ 1931లో నివేదిక ఇచ్చాక, 1933లో 15వ నంబరు చట్టం ద్వారా పెద్ద సవరణ జరిగింది. ఏకమొత్తం పరిహారం ఇమ్మన్న ఉత్తర్వు మీద యజమాని వేసే అప్పీలు, కమిషనరు డిపాజిట్ సర్టిఫికెట్ జతలేనిదే చెల్లదన్న నిబంధన అప్పుడు చేరింది. కార్మికుడి అప్పీలుకు ఈ షరతు లేదు. తర్కం తేలికైనదే. అప్పీలు నడిచే ఏళ్లలో యజమాని దివాలా తీసినా, లారీ అమ్మేసి ఊరు విడిచినా సొమ్ము ఎక్కడికీ పోకుండా కమిషనరు ఖాతాలో ఉంటుంది. అయితే అదే సవరణ 30ఎ అనే సెక్షన్‌ను కూడా తెచ్చి, అప్పీలు తేలేదాకా ఆ సొమ్మును కమిషనరు తన దగ్గరే ఆపి ఉంచవచ్చునంది. సొమ్ము భద్రంగానే ఉండేది, వితంతువుకు మాత్రం అందేది కాదు. తాళం, తాళంచెవి ఒకే ఏడాది తయారుచేసి, చెవిని అవతలివారి చేతికి ఇచ్చినట్టయింది. ఈ 30ఎ సెక్షన్‌ను పార్లమెంటు 2017లో, అంటే 84 ఏళ్ల తరువాత, తొలగించింది. అదే సవరణ 300 రూపాయల గడపను 10,000 రూపాయలకు పెంచింది.

మధ్యలో 1959 సవరణ ఒక ముడి వేసి పోయింది. పరిహారం గడువులోగా చెల్లించకపోతే వడ్డీ, పెనాల్టీ విధించే 4ఎ సెక్షన్ అప్పుడే వచ్చింది. వడ్డీ మొదట 6 శాతం. 1995 సవరణతో 12 శాతమైంది, పెనాల్టీ పరిహారంలో సగం దాకా ఉండవచ్చు. వడ్డీ, పెనాల్టీ ఉత్తర్వులపై అప్పీలుకు 30వ సెక్షన్‌లో ‘ఎఎ’ అనే వేరే క్లాజు చేర్చారు. డిపాజిట్ నిబంధన మాత్రం ‘ఎ’ క్లాజునే పట్టుకుని ఉండిపోయింది. అసలు కట్టేసి వడ్డీ కట్టకుండా అప్పీలు వేయవచ్చా అన్న తగవు అక్కడ మొదలైంది, హైకోర్టులు దీనిపై తలోదారి పట్టాయి. 1975లో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మోచేతి పైన ఎడమ చెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో, పరిహారం కమిషనరు తేల్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుందని తీర్పిచ్చాక ఈ తగవు విలువ బాగా పెరిగింది. పదేళ్లు నడిచిన కేసులో 12 శాతం సాధారణ వడ్డీ ఒక్కటే అసలును మించిపోతుంది.

పక్కనున్న చట్టాలతో పోల్చితే ఈ షరతు ఎంత కఠినమో తెలుస్తుంది. మోటారు వాహనాల చట్టం 173వ సెక్షన్ కింద సొమ్ము చెల్లించవలసినవారు అప్పీలు వేయాలంటే 25,000 రూపాయలో, మంజూరైన మొత్తంలో సగమో, ఏది తక్కువైతే అది కడితే చాలు. డబ్బు డిక్రీ మీద సివిల్ అప్పీలుకు 41వ ఆర్డరు 1వ రూలులో 1976లో చేర్చిన డిపాజిట్ నిబంధన ఉన్నా, అది పాటించకపోతే స్టే రాదే తప్ప ఆ కారణంతో అప్పీలును కొట్టివేయకూడదని సుప్రీంకోర్టు అంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్ల మీద చనిపోయే డ్రైవర్లు, క్లీనర్ల కుటుంబాలకు మోటారు ట్రిబ్యునల్, కార్మిక కమిషనరు, ఈ రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకునే వీలుంది. ఆ ఎంపిక జరిగేటప్పుడు రాబోయే మొత్తాన్ని లెక్కగట్టినంత శ్రద్ధగా, అవతలివారు అప్పీలుకు వెళితే ఎంత కట్టాల్సి వస్తుందన్నది లెక్కగట్టేవారు తక్కువ.

2009 సవరణ ‘వర్క్‌మన్’ స్థానంలో ‘ఎంప్లాయీ’ అన్న మాట తెచ్చి, కమిషనరు మూడు నెలల్లో కేసు తేల్చాలని 25ఎ సెక్షన్ పెట్టింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టాన్ని తన ఏడో అధ్యాయంలో కలుపుకుని, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో కమిషనరు పేరు ‘కాంపిటెంట్ అథారిటీ’ అయింది. అయితే పరిహారం లెక్కకు ప్రమాదం జరిగిన తేదీ నాటి చట్టమే ప్రమాణమని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పి ఉన్నందువల్ల, కోడ్ అమల్లోకి రాకముందు జరిగిన ప్రమాదాల కట్టలు పాత లెక్కతోనే ఇంకా కొన్నేళ్లు హైకోర్టు గడప ఎక్కుతాయి, స్క్రూటినీ బల్ల మీద పాత డిపాజిట్ సర్టిఫికెట్ కోసం ఇంకా వెతుకులాట సాగుతుంది.