వెన్నులో రాడ్డు వెనుక వందేళ్లు

సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి "స్కోలియోసిస్ (వెన్ను పక్కకు వంకర తిరగడం), ఆపరేషన్ పడుతుంది" అనగానే ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "కాళ్లు పడిపోవు కదండీ?" అని. రెండోది, పిల్ల ఎన్ని నెలలు మంచం మీద ఉండాలని. ఆడపిల్లయితే మూడోది కూడా ఉంటుంది, గొంతు తగ్గించి అడిగేది: పెళ్లి, కాన్పు. ఇందులో మొదటి రెండూ ఊరికే పుట్టిన టెన్షన్ కాదు. ఒకప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నిజంగానే నెలల తరబడి కదలకుండా పడుకున్నారు.

అసలు ఇది వెన్ను వంకర కోసం పుట్టిన ఆపరేషనే కాదు. మొదటి అడుగు టీబీ వేయించింది, రెండో అడుగు పోలియో.

లాగితే వెన్ను తిన్నగా అవుతుందన్న ఆలోచన చాలా పాతది. కృష్ణుడు కుబ్జ పాదాలను తన కాలితో అదిమి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తాడని మన పురాణ కథ. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ రోగిని బల్లకు కట్టి రెండు వైపులా లాగించేవాడు. చిక్కు ఏమిటంటే, బల్ల దిగాక వెన్ను మళ్లీ మొదటికి వచ్చేది. 1830ల చివర్లో పారిస్‌లో జూల్ గెరాన్ వీపు కండరాలు కోసి చూశాడు. అది తోటి వైద్యులతో కోర్టు గొడవ దాకా వెళ్లింది తప్ప వెన్నుకు ఒరిగింది లేదు. లాగడం ఎవరైనా చేస్తారు, లాగినదాన్ని అలాగే నిలబెట్టేది ఎలా? ఈ ఆపరేషన్ చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

జవాబులో మొదటి ముక్క 1911లో న్యూయార్క్‌లో దొరికింది. టీబీ పట్టిన వెన్నుపూసలు కూలిపోయి వీపు గూనిగా ముందుకు వంగిపోతుంటే, రసెల్ హిబ్స్ అనే సర్జన్ పూసల వెనకభాగాన్ని చిన్న చిన్న పెచ్చులుగా చేసి, పక్కపక్క పూసలు కలిసి ఒకే ఎముకగా అతుక్కునేలా చేశాడు. 1914లో అదే పద్ధతిని పక్క వంకరకు వాడాడు. లోపల లోహం ఏమీ లేదు. ఎముక అతుక్కునేదాకా ఒంటికి పిండికట్టు, మంచం. ఇంత చేసినా ఫలితం అంతంతమాత్రమే. 1941లో అమెరికా ఎముకల వైద్యుల సంఘం తరఫున 425 కేసులు పరిశీలిస్తే, ఆపరేషన్ అయిన 214 మందిలో 54 మందికి ఎముక అతుక్కోలేదు. మొత్తం మీద మూడింట రెండు వంతులకు పైగా ఫలితాలు ఓ మోస్తరు, లేదా అంతకంటే తక్కువ.

1950ల్లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పోలియో వచ్చి కండరాలు చచ్చుబడిన పిల్లల వెన్ను ఒరిగిపోతుండేది. ఊపిరితిత్తులు అంతంతమాత్రంగా ఉన్న ఆ పిల్లలు ఛాతీ చుట్టూ పిండికట్టును తట్టుకోలేరు. అందుకని పాల్ హారింగ్టన్ అనే సర్జన్ కట్టును ఒంటి లోపలికే పంపాడు: వంకర లోపలి వైపున స్టీలు రాడ్డు, రెండు కొసలా కొక్కేలు. ఆటోనగర్‌లో లారీ కింద జాకీ ఎత్తినట్టు, పళ్లు ఒక్కొక్కటే జరుపుతూ వెన్నును సాగదీసేవాడు. మొదట్లో పూసలను అతికించకుండా రాడ్డు ఒక్కటే వేస్తే అది విరిగేది, కొక్కెం ఊడేది. రాడ్డుతోపాటు అతికించడమూ కలిపాకే పద్ధతి నిలిచింది. 1962లో వివరాలు ప్రచురించాడు. అప్పటికి పోలియో టీకా వచ్చి ఏడేళ్లయింది. జబ్బు వెనక్కి పోయింది, దాని కోసం చేసిన రాడ్డు మాత్రం కారణం తెలియని వంకరలున్న లక్షల మంది పిల్లలకు మిగిలింది.

హారింగ్టన్ రాడ్డుకు రెండు లోపాలున్నాయి. పైకి కిందికి లాగడమే దానికి తెలుసు కాబట్టి నడుము దగ్గర సహజంగా ఉండే ఒంపు కూడా పోయేది, ఏళ్లు గడిచాక కొందరు నిటారుగా నిలబడలేక ముందుకు వాలిపోయేవారు. రెండోది, ఆపరేషన్ తర్వాత కూడా కట్టు తప్పేది కాదు. మెక్సికోలో ఎడ్వర్డో లూకే దగ్గరికి వచ్చే పేద పిల్లలు ఆ ఎండల్లో పిండికట్టు భరించలేకపోయేవారు. మే నెల బెజవాడలో ఉన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. లూకే 1970ల్లో ప్రతి పూసకూ తీగ చుట్టి రాడ్డుకు బిగించాడు, కట్టు అవసరం తప్పింది. కాకపోతే ఆ తీగలు వెన్నుపాము పక్కనుంచే దూరాలి. కట్టు బాధ తగ్గించబోతే కాళ్ల భయం పెరిగింది.

కాళ్ల భయానికి జవాబు 1973లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, బల్ల మీద ఉన్న రోగిని "కాళ్లు కదుపు" అంటారు. కదిపితే సరే, లేకపోతే లాగినదాన్ని వెంటనే వదులు చేస్తారు. ఆ పరీక్ష ఇప్పటికీ ఉంది. కానీ ఇప్పుడు ముఖ్యంగా నమ్ముకునేది ఆపరేషన్ సాగుతున్నంతసేపూ నరాల సంకేతాలను చూపించే మానిటర్‌ని. కారణం తెలియని యుక్తవయసు వంకరల్లో నరాలు దెబ్బతినడం ఇప్పుడు నూటికి ఒకరు, ఆ లోపే. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు రాడ్డు ఏ కంపెనీదని అడిగేవారు చాలామంది. మానిటర్ ఉందా అని అడగడమే దానికంటే ముఖ్యమని నా అభిప్రాయం.

1980ల్లో ఫ్రాన్స్‌లోనే కోట్రెల్, దుబూసే రెండు రాడ్లతో వంకరను తిప్పి సరిచేసే పద్ధతి తెచ్చారు. వెన్ను పక్కకు ఒరగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. వీపు మీద ఒక పక్క ఉబ్బు కనిపించేది అందుకే. 1995లో దక్షిణ కొరియా సర్జన్ సుక్ ఈ వంకరలకు పూసల్లోకి నేరుగా స్క్రూలు దించిన ఫలితాలు ప్రచురించాడు. ఇప్పుడు విజయవాడ, గుంటూరుల్లో ఆపరేషన్ అంటే సాధారణంగా ఈ స్క్రూలు, రాడ్లే. ఒకటి రెండు రోజుల్లో లేపి నడిపిస్తారు. పెళ్లికి, కాన్పుకు ఆపరేషన్ అడ్డం కాదు. కాన్పు వేళ నడుముకు మత్తు సూది ఇవ్వాల్సి వస్తే రాడ్ల సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, అంతే.

ఇంతదూరం వచ్చాక కూడా వదలని సమస్య ఆలస్యం. ఎదిగే వయసులో వంకర 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బెల్టుతో ఆపొచ్చని, రోజుకు ఎన్ని ఎక్కువ గంటలు వేసుకుంటే అంత మేలని అమెరికా, కెనడాల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2013లో తేల్చింది. దాదాపు 50 దాటితే ఆపరేషన్ మాటే. పదకొండు పన్నెండేళ్లకే పిల్లలను రెసిడెన్షియల్ స్కూళ్లకు పంపే మన దగ్గర, సరిగ్గా వెన్ను వేగంగా పెరిగే వయసులో ఇంట్లో ఎవరికీ పిల్ల వీపు కనిపించదు. సంక్రాంతి సెలవుల్లో తలంటు పోసేటప్పుడు అమ్మో, జాకెట్టు కొలతలు తీసే టైలరో "ఒక భుజం ఎత్తుగా ఉందే" అనేదాకా తెలియదు. అప్పుడు పుస్తకాల సంచి మీద నెపం వేస్తారు, దానికీ ఈ వంకరకూ సంబంధం లేదు.

ముందుకు వంచి వీపు చూసే పరీక్షకు నిమిషం చాలు. ఆ పరీక్షకు పేరు ఇచ్చిన లండన్ వైద్యుడు ఆడమ్స్ దాన్ని 1865లోనే వివరించాడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్యానికి కేంద్రం పెట్టిన పథకం) పిల్లల్లో వెతకాల్సిన 30 సమస్యల జాబితా ఇచ్చింది. వంకర పాదం ఉంది, తుంటి లోపం ఉంది, పళ్ల జబ్బులున్నాయి. యుక్తవయసులో వచ్చే వెన్ను వంకర పేరు అందులో లేదు.