యాక్సిడెంట్ కేసులో డాక్టరు పాత్ర: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఎముకల డాక్టర్ని. హైవే మీద బండి పడి మా దగ్గర ఆపరేషన్ అయినవాళ్లు కొన్ని నెలలకు మళ్లీ వస్తారు, ఈసారి కాలు చూపించడానికి కాదు, "బాబూ, నష్టపరిహారం కేసు వేశాం, సర్టిఫికెట్‌లో అవకరం శాతం కొంచెం ఎక్కువ వేయండి" అనడానికి.

అపోహ: డాక్టరు వేసిన శాతమే డబ్బు.

కాదు. ఒంట్లో ఎంత లోపం మిగిలిందన్నది మాత్రమే నేను చెప్పాలి. దానివల్ల సంపాదన ఎంత తగ్గిందో తేల్చేది ట్రిబ్యునల్, అంటే యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులు చూసే కోర్టు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకీ వడ్రంగికీ సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, అదే ప్రభుత్వ గుమస్తాకైతే ఉద్యోగం నిలబడొచ్చు. పైగా కాలికి 40 శాతం అంటే ఒళ్లంతటికీ 40 అని కాదు, సర్టిఫికెట్‌లో అది స్పష్టంగా లేకపోతే ఇన్సూరెన్స్ లాయరు ముందు పట్టుకునేది దాన్నే.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆవిడకి బొటనవేలు సరిగ్గా వంగడం లేదనుకోండి. లెక్కలో అది చిన్న అంకే, కానీ పప్పు విరగకుండా పట్టుకోవాల్సింది ఆ వేలితోనే. అందుకే నేను అంకె రాసి ఊరుకోను. పిడికిలి బిగుస్తుందా, సన్నటి వస్తువు పట్టు దొరుకుతుందా, కాలిదైతే గొంతుక్కూర్చోగలరా, అన్నీ రాస్తాను. శాతం పెంచమనేవాళ్లు చాలామందే గానీ, "నేను చేసే పని ఇదీ, అది చేయగలనో లేదో చూసి రాయండి" అని అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: కేసు కోర్టుకి వెళ్లాకే డాక్టరుతో పని.

అసలు సాక్ష్యం మొదలయ్యేది క్యాజువాలిటీలో. పోలీసుల భయంతోనో, గుద్దినవాడు మనూరివాడేననో "మేడ మీంచి పడ్డాడు బాబూ" అంటారు, డ్యూటీ డాక్టరు విన్నది విన్నట్టు కేసు షీట్లో రాస్తాడు. తర్వాత లారీ గుద్దిందని కేసు వేస్తే, ఇన్సూరెన్స్ లాయరు ఆ ఒక్క లైనూ నాచేతే కోర్టులో చదివిస్తాడు. అప్పుడు దిద్దమని బతిమాలినా దిద్దకూడదు, దిద్దను. ఎక్కడ, ఎన్నింటికి, ఏ బండి తగిలిందో మొదటిరోజే నిజం చెప్పండి. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకి తెలియజేయాల్సిన కేసు) అంటే వైద్యం ఆగిపోతుందని టెన్షన్ పడొద్దు, ఏ ఫార్మాలిటీ కోసమూ ఆగకుండా చూడాల్సిన బాధ్యత డ్యూటీ డాక్టరుదని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే చెబుతోంది.

ఇంకొకటి. ఆపరేషన్ వద్దని మధ్యలో నాటుకట్టుకి వెళ్లి, ఎముక వంకరగా అతుక్కున్నాక తిరిగొస్తారు. ఆ వంకర యాక్సిడెంట్ వల్లనా, కట్టు వల్లనా అని అడిగితే నేనేం చెప్పను? ఆ నెలలకి నా దగ్గర ఒక్క కాగితమూ ఉండదు.

అపోహ: సదరం సర్టిఫికెట్ ఉంటే డాక్టరు రానక్కర్లేదు.

సదరం అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్, అది పింఛనుకి పనికొస్తుంది. ట్రిబ్యునల్లో అవతలివాళ్లు ఒప్పుకోకపోతే కాగితం ఒక్కటే చాలదు, వైద్యం చేసిన డాక్టరో, పరీక్షించి శాతం వేసిన డాక్టరో క్రాస్ ఎగ్జామినేషన్‌కి నిలబడాలి. డాక్టర్లు కోర్టుకి రారన్న పేరు మాకుంది, అబద్ధమేం కాదు, ఓపీ వదిలేసి సాయంత్రం దాకా వరండాలో నించోవడం ఎవరికిష్టం? సుప్రీంకోర్టు ఆ రాజ్‌కుమార్ తీర్పులోనే దీనికీ దారి చూపింది: టైం ముందే చెప్పి వెయిటింగ్ లేకుండా పంపించొచ్చు, లేదా కమిషన్ ద్వారా, అంటే కోర్టు నియమించిన మనిషి డాక్టరు దగ్గరికే వచ్చి, సాక్ష్యం తీసుకోవచ్చు. మీ లాయరు గారితో అలా పిటిషన్ వేయిస్తే మాకూ రాకపోవడానికి సాకు ఉండదు.

అపోహ: ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆపరేషన్ అయితే ఇంక అడగడానికేం లేదు.

చేతి నుంచి కట్టని బిల్లు అడగలేరు, అంతే. పడ్డ బాధ, పోయిన కూలి, మిగిలిన అవకరం అలాగే ఉన్నాయి కదా.

కేసు షీటు కాపీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు దాచాల్సింది మాత్రం 3 ఏళ్లే, కేసులు అంతకన్నా ఎక్కువే సాగొచ్చు, కాబట్టి డిశ్చార్జి అవుతూనే అడిగి తీసుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు మాత్రం దయచేసి మడతపెట్టకండి.