హిల్టన్ కోటా: బీఫ్ వెంట వెళ్లే కాగితం కథ

అర్జెంటీనా నుంచి యూరప్‌కు మేలురకం బీఫ్ బయల్దేరితే, సరుకుతో పాటు ఏ4 సైజు కాగితం ఒకటి వెళ్తుంది. పేరు సర్టిఫికెట్ ఆఫ్ ఆథెంటిసిటీ, అంటే అసలైన సరుకేనని చెప్పే ధ్రువపత్రం. ఇదేదో కల్తీని పట్టుకునే పత్రం అనిపిస్తుంది కానీ, దాని పుట్టుకకు కారణం సుంకం.

1974లో యూరోపియన్ ఆర్థిక సమాజం (నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపం) దగ్గర సొంత బీఫే గుట్టలుగా పేరుకుపోయింది. జూలైలో దిగుమతులకు తలుపులు మూసేసింది. అర్జెంటీనా, ఉరుగ్వే, ఆస్ట్రేలియాల పశుపోషకులకు గట్టి దెబ్బే తగిలింది. 1979లో ముగిసిన టోక్యో రౌండ్ అనే అంతర్జాతీయ వాణిజ్య చర్చల్లో రాజీ కుదిరింది: మేలురకం మాంసాన్ని మాత్రం, ఇంత తూకం వరకు, తక్కువ సుంకంతో రానిస్తారు. బేరాలు హిల్టన్ హోటల్లో సాగాయి కాబట్టి హిల్టన్ కోటా అన్న పేరు వచ్చిందంటారు.

మరి మేలురకం అంటే ఏది? ఇక్కడే తమాషా. అర్జెంటీనా పశువైతే పాలు మాన్పించినప్పటి నుంచి పచ్చికే మేసి ఉండాలి. అదే అమెరికా, కెనడాల పశువుకైతే కనీసం 100 రోజులు, రోజుకు 9 కిలోలకు తగ్గకుండా, 70 శాతం గింజలున్న దాణా పెట్టాలి. ఒకే కోటాలో ఒకరికి గడ్డి గొప్ప, ఇంకొకరికి గింజ గొప్ప! ఎవరి దగ్గర ఏది ఉంటే అదే నాణ్యత అయిందన్నమాట.

పశువు ఏం మేసిందో రేవులో ముక్కను చూసి కస్టమ్స్ అధికారి చెప్పలేడు. అందుకే ఎగుమతి చేసే దేశమే పూచీ పడాలన్నారు. ఆ దేశానికి వర్తించే నిర్వచనాన్ని కాగితం వెనుక అచ్చు వేయాలి, ప్రతిదానికీ విడి నంబరు ఉండాలి. మూడు నెలలు దాటితే చెల్లదు. ఆలోపే జూన్ 30 వస్తే కోటా సంవత్సరంతో పాటు దాని గడువూ తీరిపోతుంది.

దాని విలువ లెక్కేద్దాం. ఎముక లేని, గడ్డకట్టించకుండా చల్లబరిచిన బీఫ్ టన్ను 10,000 యూరోలనుకుందాం. కాగితం ఉంటే 20 శాతం సుంకం, అంటే 2,000. లేకపోతే 12.8 శాతంతో పాటు టన్నుకు 3,034 యూరోలు, మొత్తం 4,314. కోటాలో వాటా కోసం ప్యాకింగ్ కంపెనీలు ఎగబడేది ఈ తేడా కోసమే.

హార్మోన్ల గొడవ వేరే కథ. ఎదుగుదల కోసం హార్మోన్లు వాడిన పశువుల మాంసం దిగుమతిని యూరప్ 1989లో ఆపేసింది. అమెరికాతో ఏళ్ల తరబడి తగాదా నడిచాక 2009లో హార్మోన్లు వాడని మాంసానికి 20,000 టన్నులతో సుంకం లేని ఇంకో కోటా తెరిచింది. దానికీ ఇలాంటి సర్టిఫికెట్టే అడిగింది.

2024 డిసెంబరులో మెర్కోసూర్ (అర్జెంటీనా, బ్రెజిల్ తదితర దక్షిణ అమెరికా దేశాల వాణిజ్య కూటమి) దేశాలతో యూరప్ ముగించిన చర్చల్లో, ఆ దేశాల హిల్టన్ కోటా మీది 20 శాతాన్ని సున్నా చేయాలన్న అంశమూ ఉంది. అది అమల్లో ఉంటే పై లెక్కలో కాగితం విలువ టన్నుకు 2,314 నుంచి 4,314 యూరోలకు ఎగబాకుతుంది.